శస్త్రచికిత్సకు ముందు ఒక మాట – తరువాత ఒక మాట

ప్రొద్దుటూరులోని మా వైద్యశాలకు వచ్చే వారందరూ మందు కోసమే రారు. "డాక్టరు ఆపరేషన్ చేయాలంటున్నాడు, ఏం చేయమంటారు సామీ?" అని అడిగిపోయేందుకు వచ్చేవారు కూడా చాలా మంది ఉంటారు. పది పదిహేను రోజుల వ్యవధిలో మూడు ఊళ్ల నుండి వచ్చిన మూడు ప్రశ్నలు ఈ వ్యాసం వ్రాయడానికి నన్ను పురికొల్పాయి.

మొదటి ప్రశ్న మా ఊరి బంగారు అంగళ్ల వీధిలో నివసించే ఒక తల్లిది. ఆమెకు పిత్తాశయంలో రాళ్లు. "మీరిచ్చిన పొడులు, మాత్రలు వాడుతున్నట్లు ఆ మత్తు డాక్టరుకు చెప్పల్నా, వద్దా సామీ? చెబితే తిడతాడేమో" అని ఆమె సందేహం. రెండవ ప్రశ్న పులివెందుల నుండి వచ్చిన చీనీతోట రైతుది. ఆయన కుమార్తెకు కాన్పు ఆపరేషన్ అవుతుందన్నారు. "వెన్నులో సూది వేస్తే జీవితాంతం నడుము నొప్పి ఉంటుందంట గదా, వద్దని చెప్పేదా?" అని ఆయన భయం. మూడవది జమ్మలమడుగు యువకునిది. తండ్రికి గిలక (హెర్నియా) శస్త్రచికిత్స జరిగింది. "మా నాయన నొప్పి సూదులు వద్దంటాండాడు. ఓర్చుకుంటే పుండు తొందరగా మానుతుందంట, నిజమేనా?" అని అడిగాడు.

ఈ మూడవ ప్రశ్న వినగానే నా మనస్సు చివుక్కుమన్నది. ఒకనాడు ఇదే ప్రశ్న నన్ను మా అన్నగారు అడిగారు. నేను తప్పు సమాధానం చెప్పాను. ఆ సంగతి కూడా దాచకుండా ఈ వ్యాసంలో నివేదిస్తాను.

సుశ్రుతుడు ఏమి చెప్పాడు?

నేను పదునాలుగవ యేట గురువుగారింట చేరాను. తెల్లవారుజామున లేచి సంహితలు వల్లె వేయడం, పగలు మూలికలు నూరడం, సాయంత్రం రోగుల నాడి చూడడం – ఇదీ మా చదువు. సుశ్రుత సంహితలోని సూత్రస్థానం చదివే రోజులలోనే నాకు ఒక సంగతి బోధపడింది. శస్త్రం పట్టే వైద్యునికి రోగి బాధ పట్ల ఎంత శ్రద్ధ ఉండాలో సుశ్రుతుడు వివరంగా చెప్పాడు.

శస్త్రకర్మకు ముందు రోగికి ఇష్టమైన ఆహారం పెట్టాలనీ, మద్యం అలవాటుండి వేదన ఓర్చుకోలేని వానికి తీక్ష్ణమైన మద్యం త్రాగించాలనీ ఆయన చెప్పాడు. భోజనం చేసినవాడు మూర్ఛపోడు, మత్తులో ఉన్నవాడు శస్త్రపు బాధ ఎరుగడు అని కారణం కూడా చూపాడు. శస్త్రం వల్ల కలిగిన తీవ్రవేదనకు అతిమధురం కలిపి కాచిన గోరువెచ్చని నేతితో తడపమన్నాడు. పుండు గల రోగి ఉండవలసిన గదిని గురించి, పడకను గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే వ్రాశాడు. ఇష్టులైన మిత్రులు ప్రక్కన కూర్చుని మంచి కథలు చెబుతుంటే వ్రణవేదన మరపునకు వస్తుందని అందులో ఉన్నది.

భోజప్రబంధంలో మరొక కథ ఉంది. ఇద్దరు వైద్యులు భోజరాజుకు మోహచూర్ణంతో స్పృహ తప్పించి, తలకు శస్త్రచికిత్స చేసి, మరల స్పృహ తెప్పించారని ఆ కథ. అది సుశ్రుతుని తరువాత ఎన్నో శతాబ్దాలకు వ్రాసిన కావ్యమే కాని వైద్యగ్రంథం కాదు. ఆ చూర్ణం తయారీ అందులో లేదు. కనుక దానిని సాక్ష్యంగా చూపి "మాకు అన్నీ ముందే తెలుసు" అని చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు. మన పెద్దలు బాధను తగ్గించాలని తపించారు. వారి చేతిలో ఉన్న సాధనాలు మాత్రం మద్యం, నల్లమందు వంటివి. పూర్తిగా స్పృహ తప్పించి, ప్రాణం కాపాడి, మరల లేపగల విద్య ప్రపంచానికి పందొమ్మిదవ శతాబ్దంలోనే లభించింది.

హైదరాబాదు పేరు ప్రపంచానికి తెలిసిన రోజులు

1846 అక్టోబరు 16వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరంలో మోర్టన్ అనే దంతవైద్యుడు ఈథర్ ఆవిరి పీల్పించి ఒక రోగికి నొప్పి తెలియకుండా శస్త్రచికిత్స చేయించాడు. మరుసటి యేడు, అంటే 1847లో, ఎడింబరోలో సింప్సన్ క్లోరోఫారంను ప్రవేశపెట్టాడు. క్లోరోఫారం వాడడం సులభం, వాసన కూడా దుర్భరం కాదు. అయితే 1848లోనే ఇంగ్లండులో ఒక పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీస్తుండగా క్లోరోఫారం మత్తులో మరణించింది. అప్పటి నుండి వైద్యులలో వివాదం మొదలైంది. క్లోరోఫారం ముందుగా ఊపిరిని ఆపుతుందా, గుండెను ఆపుతుందా?

ఈ ప్రశ్నకు సమాధానం వెతికిన చోటు మన తెలుగునేల మీద ఉన్నదంటే నేటి యువకులు ఆశ్చర్యపోతారు. హైదరాబాదు వైద్య పాఠశాలకు అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ లారీ, "ఊపిరినే గమనించండి, నాడిని కాదు" అని విద్యార్థులకు బోధించేవాడు. తన వాదాన్ని నిరూపించడానికి 1888లో హైదరాబాదులో జంతువులపై ప్రయోగాలు జరిపించాడు. ఇంగ్లండులోని లాన్సెట్ పత్రిక ఆ ఫలితాలను శంకించింది. అప్పుడు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వేయి పౌండ్లు ఇచ్చి, లాన్సెట్ తరఫున ఒక నిపుణుని పంపమని కోరాడు. 1889లో లాడర్ బ్రంటన్ అనే ప్రఖ్యాత వైద్యుడు ఓడలో వచ్చి హైదరాబాదులో కూర్చుని నాలుగు వందలకు పైగా జంతువులపై పరీక్షలు చేశాడు. ఆ రెండవ సంఘం కూడా ముందుగా ఆగేది ఊపిరేనని తేల్చింది. ఇవే చరిత్రలో హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లుగా నిలిచిపోయాయి.

ఆ పాఠశాలలో 1885లో చేరిన తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. 1889లో చదువు ముగించి హైదరాబాదు ఆసుపత్రులలో మత్తు ఇచ్చే బాధ్యత చేపట్టింది. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తువైద్యురాలిగా నేడు ఆమెను గౌరవిస్తున్నారు. 1909లో ఆమె మరింత నేర్చుకునేందుకు ఎడింబరో వెళ్లింది. అనుభవం ఎంత ఉన్నా చదువు ఆపని ఆమెను తలచుకుంటే నాకు నమస్కరించాలనిపిస్తుంది.

ఇక్కడ ఒక నీతి ఉంది. హైదరాబాదు వారు చెప్పినది అబద్ధం కాదు. ఊపిరిని కనిపెట్టి ఉండాలన్న మాట నేటికీ శిరోధార్యమే. కాని అది సగం సత్యం. 1911లో లెవీ అనే ఇంగ్లండు వైద్యుడు, తేలికపాటి క్లోరోఫారం మత్తులో గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని పిల్లులపై ప్రయోగాలతో నిరూపించాడు. నేటి మత్తు డాక్టరు ఊపిరినీ, గుండెనూ, రక్తంలోని ప్రాణవాయువునూ క్షణక్షణం యంత్రాల సాయంతో గమనిస్తూ ఉంటాడు. క్లోరోఫారం ఏనాడో మూలపడింది. తనకు తెలిసిన సగం సత్యాన్నే పూర్తి సత్యమని నమ్మితే రోగి నష్టపోతాడు. ఈ హెచ్చరిక మా వైద్యులకు కూడా వర్తిస్తుంది.

అదే శతాబ్దం చివరలో లండన్ మిషన్ వారి ద్వారా మా జమ్మలమడుగుకు కూడా ఆధునిక శస్త్రచికిత్స చేరింది. వారి క్యాంబెల్ ఆసుపత్రికి పెన్నా నది ఇరువైపుల పల్లెల నుండి ఎద్దుల బండ్లపై రోగులు వచ్చేవారని మా ఇంటి పెద్దలు చెప్పేవారు.

మత్తు ఎన్ని విధాలు? నడుము నొప్పి నిజమేనా?

మత్తు ముఖ్యంగా మూడు విధాలు. ఒకటి, కోసే చోట మాత్రమే మొద్దుబారేటట్లు సూది వేయడం. పన్ను తీసేటప్పుడు, చిన్న గడ్డలు తీసేటప్పుడు ఇది చాలు. రెండు, వెన్ను వద్ద గానీ, ఒక ప్రధాన నరం వద్ద గానీ మందు వేసి శరీరంలో ఒక భాగానికి స్పర్శ లేకుండా చేయడం. మూడు, పూర్తిగా నిద్రపుచ్చడం. ఇందులో రోగికి స్పృహ ఉండదు, అవసరమైతే గొంతులో గొట్టం వేసి ఊపిరి అందిస్తారు.

ఇక పులివెందుల రైతుగారి భయం చూద్దాం. వెన్ను సూదిని 1898లో జర్మనీలో బియర్ అనే శస్త్రవైద్యుడు మొదలుపెట్టాడు. ఆయన, ఆయన సహాయకుడు ఒకరిపై ఒకరు ప్రయోగం చేసుకుని, తరువాత తీవ్రమైన తలనొప్పితో బాధపడ్డారు. సూది చేసిన రంధ్రం గుండా వెన్నులోని ద్రవం కారడం వల్ల ఆ తలనొప్పి వస్తుంది. నేడు వెంట్రుక వలె సన్నని సూదులు వచ్చాయి కనుక అది బాగా తగ్గింది. వెన్నుపాము ముగిసిన చోటికి క్రిందనే సూది వేస్తారు. కాబట్టి వెన్నుపాముకు సూది తగులుతుందన్న భయం పెట్టుకోనక్కరలేదు. లేచి కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గే తలనొప్పి కాన్పు తరువాత కనిపిస్తే మాత్రం వెంటనే డాక్టరుకు చెప్పాలి. దానికి చికిత్స ఉంది.

సూది వేసిన చోట నాలుగు రోజులు నొప్పి ఉండవచ్చు. కాని వెన్నులో మందు తీసుకున్న తల్లులనూ, తీసుకోని తల్లులనూ నెలల తరబడి గమనించి పోల్చిన పరిశోధనలలో దీర్ఘకాలపు నడుము నొప్పి ఇరువురిలోనూ దాదాపు సమానంగానే కనిపించింది. అసలు కారణం గర్భధారణలో కీళ్ల బంధాలు సడలడం, బరువు మోయడం, వంగి కూర్చుని పాలివ్వడం. సూతికా స్త్రీకి తైలాభ్యంగం, తగిన విశ్రాంతి, బలమైన ఆహారం ఇమ్మని మన శాస్త్రం చెప్పినది ఇందుకే. "సూది వద్దని చెప్పవద్దు, కుట్లు పూర్తిగా మానిన తరువాత డాక్టరుని అడిగి నడుముకు నూనె రాయండి" అని ఆ రైతుగారికి చెప్పి పంపాను.

మన మందులను దాచవద్దు

బంగారు అంగళ్ల వీధి తల్లికి నేను చెప్పిన సమాధానం ఇది. "అమ్మా, తిట్టినా సరే చెప్పండి. పొట్లాలు కూడా తీసుకుపోయి చూపండి."

"మూలికే కదా, ఏమీ చేయదు" అనే మాట ఒకప్పుడు నేనూ అనేవాడిని. పని చేసే మందు ఏదైనా శరీరంలో మార్పు తెస్తుంది. మార్పు తెచ్చేది మత్తు మందుతో కలిసినప్పుడు ఏమవుతుందో మత్తు డాక్టరు ముందుగా లెక్క వేసుకోవాలి. ముఖ్యమైనవి కొన్ని వ్రాస్తున్నాను.

1. వెల్లుల్లి మాత్రలు, గుగ్గులు కలిసిన మందులు, మోతాదు మించిన పసుపు, అల్లం మాత్రలు రక్తం గడ్డకట్టే స్వభావాన్ని తగ్గించవచ్చు. కూరలో వేసే పరిమాణానికి భయపడనక్కరలేదు.

2. అశ్వగంధ, జటామాంసి, తగర నిద్రను, మత్తును పెంచవచ్చు. సర్పగంధ రక్తపోటును తగ్గిస్తుంది. మత్తులో రక్తపోటు ఇంకా పడిపోయే ప్రమాదం ఉంది.

3. పొడపత్రి, కాకర, మెంతుల పొడి రక్తంలో చక్కెరను తగ్గిస్తాయి. ఏమీ తినకుండా ఉండవలసిన ఉదయం ఇవి తీసుకుంటే చక్కెర మరీ తగ్గవచ్చు.

4. అతిమధురం చాలాకాలం లోపలికి తీసుకుంటే రక్తపోటు పెరిగి, గుండె లయకు అవసరమైన పొటాషియం తగ్గవచ్చు.

5. భస్మాలు, రసౌషధాలు వాడుతుంటే వాటి పేర్లు తప్పక వ్రాసి ఇవ్వాలి.

అమెరికా మత్తువైద్యుల సంఘం మూలికామందులను శస్త్రచికిత్సకు రెండు వారాల ముందే ఆపడం మేలని సూచించింది. మా మందులకు నేనూ ఆ నియమమే పాటిస్తున్నాను. అత్యవసర శస్త్రచికిత్సలో అంత వ్యవధి ఉండదు. అప్పుడు చెప్పడం ఒక్కటే రక్ష. అయితే డాక్టరు ఇచ్చిన రక్తపోటు మందులను, చక్కెర మందులను, గుండె మందులను మీ అంతట మీరు ఆపవద్దు. ఏది ఆపాలో, ఏది గుక్కెడు నీటితో వేసుకోవాలో ఆయనే చెబుతాడు. సారాయి, బీడీ, గుట్కా అలవాట్లను కూడా దాచరాదు.

ఖాళీ కడుపు సంగతి

"సుశ్రుతుడు తినిపించమన్నాడు, వీళ్లు తినవద్దంటారేమి?" అని నన్ను అడిగిన శిష్యులున్నారు. సుశ్రుతుని రోగికి పూర్తిగా స్పృహ పోదు, దగ్గు పోదు. నేటి మత్తులో దగ్గే శక్తి, మ్రింగే శక్తి కూడా నిద్రపోతాయి. కడుపులోని ఆహారం, పులుసు పైకి తన్ని ఊపిరితిత్తులలోకి జారితే ప్రాణాపాయం. కాన్పు సమయంలో మత్తు తీసుకున్న తల్లులలో ఇలా జరగడాన్ని 1946లో మెండెల్సన్ అనే అమెరికా వైద్యుడు విపులంగా వర్ణించాడు. సుశ్రుతుడు కూడా మూఢగర్భం, ఉదరరోగం, మూలవ్యాధి, మూత్రాశయపు రాయి, భగందరం, నోటి జబ్బులు – వీటిలో ఖాళీ కడుపుననే శస్త్రకర్మ చేయమన్నాడు. కాబట్టి ఇందులో విరోధం ఏమీ లేదు.

సాధారణ నియమం ఇది. తేలికపాటి ఆహారానికి, పాలకు 6 గంటలు. నూనె వంటకాలకు, మాంసాహారానికి 8 గంటలు. తల్లిపాలు త్రాగే శిశువుకు 4 గంటలు. ఉత్త మంచినీటికి 2 గంటల విరామం ఉండాలి. మజ్జిగ, గంజి, పాలు కలిపిన టీ మంచినీటి లెక్కలోకి రావు. మా ప్రాంతంలో "పొద్దున్నే కొంచెం సంగటి తింటే బలం" అని పెట్టి పంపే తల్లులున్నారు. ఆ ప్రేమ ప్రమాదకరం. తిన్నది చెప్పకుండా బల్ల ఎక్కడం ఇంకా ప్రమాదకరం. మీ మత్తు డాక్టరు ఇంతకంటే వేరుగా చెబితే ఆయన మాటే వినండి.

నేను చేసిన పొరపాటు

ఇప్పుడు మా అన్నగారి సంగతి. ఇరవై యేళ్ల క్రితం ఆయనకు పిత్తాశయం తీసివేశారు. కుడి ప్రక్కటెముకల క్రింద జానెడు కోత. శస్త్రచికిత్స చక్కగా జరిగింది. ఆ రాత్రి నర్సమ్మ నొప్పి సూది తెచ్చింది. మా అన్నగారు బీడీలు మానని మనిషి, మొండివారు. "ఏం రా, ఈ సూదులు అవసరమా?" అని నన్నడిగారు. నేను వైద్యుడనన్న ధీమాతో, "ఓర్చుకోగలిగితే మంచిదే అన్నా, ఆ మందులు వేడి చేస్తాయి" అన్నాను. ఆయన సూది వద్దన్నారు. ఆసుపత్రి వారు రెండుసార్లు నచ్చజెప్పారు. మేము వినలేదు.

రెండు రోజులు ఆయన కదలకుండా పడుకున్నారు. ఊపిరి నిండుగా పీలిస్తే కోత వద్ద నొప్పి అని పైపైనే పీల్చారు. దగ్గు వస్తే బిగబట్టుకున్నారు. మేమంతా "ఎంత ధైర్యవంతుడు!" అని మెచ్చుకున్నాం. మూడవ నాటికి జ్వరం, ఆయాసం. కఫం క్రిందికి పేరుకుని ఊపిరితిత్తి అడుగుభాగం ముడుచుకుపోయి, అక్కడ చీము పట్టిందన్నారు. ఇంటికి పోవలసిన మనిషి మరి పన్నెండు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నారు. ఒక రాత్రి ఆయన పెదవులు నల్లబడినప్పుడు నేను భగవంతునికి మ్రొక్కని మ్రొక్కు లేదు.

అక్కడి మత్తు డాక్టరమ్మ, మా అమ్మాయి ఈడుది, నన్ను ప్రక్కకు పిలిచి ఒక్క మాట అన్నది. "అయ్యగారూ, నొప్పి మందు సుఖం కోసం ఇచ్చేది కాదు. ఆయన దగ్గడానికి, నడవడానికి ఇచ్చేది." నేను తల వంచుకున్నాను. ఆ తరువాత ఆమె చెప్పిన ప్రకారం మందు తీసుకుని, కడుపుకు దిండు అదుముకుని దగ్గుతూ, వరండాలో నడుస్తూ అన్నగారు కోలుకున్నారు.

నొప్పిని ఎందుకు తగ్గించాలి?

ఆ తరువాతనే నేను ఈ విషయమై శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను. కోత పడిన చోట ప్రోస్టాగ్లాండిన్లు మొదలైన పదార్థాలు పుట్టి నరాల చివరలను రెచ్చగొడతాయి. ఆ వార్త వెన్నుపాముకు, అక్కడి నుండి మెదడుకు చేరుతుంది. ఆస్పిరిన్ వంటి మందులు ఈ ప్రోస్టాగ్లాండిన్లను పుట్టకుండా ఆపుతాయని 1971లో జాన్ వేన్ కనుగొన్నాడు. నొప్పి వార్త ఆగకుండా వస్తూనే ఉంటే వెన్నుపాములోని నరకణాలు అతిగా స్పందించడం అలవాటు చేసుకుంటాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ చూపాడు. అప్పుడు చిన్న స్పర్శ కూడా పెద్ద నొప్పిగా తోస్తుంది. మన భాషలో చెప్పాలంటే వాతం ప్రకోపించి తన మార్గం వదలి తిరుగుతుంది.

పుండు మానినా నొప్పి మిగిలిపోయేవారు చాలా మంది ఉన్నారు. హెర్నియా, రొమ్ము, ఛాతీ వంటి సాధారణ శస్త్రచికిత్సల తరువాత నూటికి 10 నుండి 50 మందిలో దీర్ఘకాలం నొప్పి ఉండవచ్చని 2006లో అదే లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక సమీక్ష తెలిపింది. శస్త్రచికిత్స జరిగిన తొలి రోజులలో తీవ్రమైన నొప్పి అనుభవించడం దానికి ఒక ముఖ్య సూచన.

డెన్మార్కు దేశపు శస్త్రవైద్యుడు కెహ్లెట్, ఆయన సహచరుడు దాల్ 1993లో ఒక మార్గం సూచించారు. ఒకే తీవ్రమైన మందును ఎక్కువ మోతాదులో ఇచ్చే బదులు, వేరు వేరు చోట్ల పనిచేసే మందులను తక్కువ మోతాదులలో కలిపి ఇవ్వడం మేలని వారి సిద్ధాంతం. వేళకు పారాసిటమాల్, మూత్రపిండాలు, కడుపు బాగున్నవారికి డైక్లోఫెనాక్ వంటి మందు, కోత వద్దనో నరం వద్దనో మొద్దుబార్చే సూది, అవసరమైనప్పుడే నల్లమందు జాతి మందు – ఇదీ పద్ధతి. మన కషాయాలలో అనేక ద్రవ్యాలు కలిపే యోగం వంటిదే ఇది.

"నొప్పి మందులు తీసుకుంటే పుండు మానదు" అనడానికి ఆధారం లేదు. పోతే, మార్ఫిన్ వంటి మందులకు అలవాటు పడతామన్న భయం. ఆసుపత్రిలో కొద్ది రోజులు డాక్టరు పర్యవేక్షణలో తీసుకున్నప్పుడు ఆ ప్రమాదం చాలా తక్కువ. ఇంటికి వచ్చిన తరువాత అంగడిలో కొని నెలల తరబడి మింగడం వేరు సంగతి. అది ఏ నొప్పి మాత్రకైనా తగదు.

మన వైద్యం ఎక్కడ తోడ్పడుతుంది?

సుశ్రుతుడు వ్రణవేదనకు చెప్పిన అతిమధురం నేటి మత్తువైద్యంలో మరొక విధంగా ప్రవేశించింది. గొంతులో గొట్టం వేసిన తరువాత చాలా మందికి గొంతు మంట ఉంటుంది. లక్నో వైద్యులు మత్తుకు 5 నిమిషాల ముందు 30 మిల్లీలీటర్ల నీటిలో అర గ్రాము అతిమధురం కలిపి పుక్కిలింపజేసి చూశారు. గొంతునొప్పి తక్కువమందికి వచ్చిందని 2009లో ప్రచురించారు. పరీక్షించినది కొద్దిమందినే అయినా, పద్ధతిగా జరిగిన పరీక్ష. పుక్కిలించడం వేరు, మింగడం వేరు అని పాఠకులు గ్రహించాలి. మత్తు డాక్టరు అనుమతి లేకుండా ఆ ఉదయం ఏదీ నోట వేయరాదు.

మిత్రుల కథలు వేదనను మరపిస్తాయన్న సుశ్రుతుని మాటకు కూడా సాక్ష్యం దొరికింది. అమెరికాలో ఉల్రిచ్ అనే పరిశోధకుడు పిత్తాశయం తీయించుకున్న 46 మంది వివరాలు పరిశీలించాడు. కిటికీలో చెట్లు కనిపించే గదులలో ఉన్నవారికి, గోడ మాత్రమే కనిపించే గదులలో ఉన్నవారి కంటే తీవ్రమైన నొప్పి మందులు తక్కువ అవసరమయ్యాయని 1984లో ప్రకటించాడు. రోగిని చూడబోయేవారు "మా బావకు ఇలాగే అయి పోయినాడు" వంటి మాటలు ఆడకుండా, నాలుగు మంచి మాటలు చెప్పి, అతడు అలసిపోకముందే లేవాలి.

ఆహారం మొదలుపెట్టవచ్చని శస్త్రవైద్యుడు చెప్పిన తరువాత మన పేయాది క్రమం చక్కగా పనికివస్తుంది. పలుచని గంజి, తరువాత చిక్కని జావ, పెసరకట్టు, పాతబియ్యపు మెత్తని అన్నం వరుసగా ఇవ్వాలి. "పప్పు తింటే చీము పడుతుంది" అని నెల రోజులు కారం మెతుకులు పెట్టడం తప్పు. పుండు మానడానికి మాంసకృత్తులు కావాలి. సుశ్రుతుడే వ్రణరోగికి పెసరకట్టు, మాంసరసం చెప్పాడు. నొప్పి మందుల వల్ల మలబద్ధం వస్తే నానబెట్టిన ఎండుద్రాక్ష, గోరువెచ్చని నీరు చాలు. ప్రేగులకు శస్త్రచికిత్స జరిగినవారు మాత్రం డాక్టరును అడగకుండా విరేచనకారి ఏదీ తీసుకోరాదు.

కుట్లపై పసుపు, సున్నం, కాఫీపొడి, నెయ్యి, తైలం – ఏదీ వేయవద్దు. సుశ్రుతుని నేటి ఉపదేశం నాటి కాలానికి, నాటి శస్త్రానికి తగినది. దానిని వైద్యుడు తన చేతితో చేసేవాడు. ఇంటిలో కాచిన నేయి కుట్ల మధ్యకు పోతే మేలు కంటే కీడే ఎక్కువ.

గుర్తుంచుకోవలసినవి

శస్త్రచికిత్సకు ముందు మత్తు డాక్టరుకు ఇవి చెప్పండి: వాడుతున్న అన్ని మందులు, మూలికలు, పూర్వం మత్తు తీసుకున్నప్పుడు మీకు గానీ రక్తసంబంధీకులకు గానీ వచ్చిన ఇబ్బంది, పడని మందులు, ఉబ్బసం, రక్తపోటు, మధుమేహం, మూర్ఛ, కదిలే పళ్లు, కట్టుడు పళ్లు, చివరిసారి ఏమి, ఎప్పుడు తిన్నారో ఆ వివరం.

శస్త్రచికిత్స తరువాత నొప్పిని అంకెతో చెప్పండి. ఏ నొప్పీ లేకపోతే 0, ఊహించగల అత్యంత తీవ్రమైన నొప్పి 10. దగ్గినప్పుడు, కదిలినప్పుడు ఎంతో కూడా చెప్పాలి. నొప్పి ముదిరే దాకా ఆగవద్దు. నిండుగా ఊపిరి పీల్చండి, కోతపై దిండు అదుముకుని దగ్గండి, అనుమతించిన వెంటనే లేచి నడవండి. మందు వేసినా నొప్పి హఠాత్తుగా పెరిగినా, జ్వరం, ఆయాసం, పిక్కలో వాపు, రక్తం కారడం కనిపించినా వెంటనే చెప్పండి. నొప్పి మందు తరువాత రోగి లేపినా లేవనంత మగతగా ఉంటే, ఊపిరి నెమ్మదిస్తే ఒక్క క్షణం ఆలస్యం చేయరాదు.

జమ్మలమడుగు యువకునికి ఈ మాటలే చెప్పి, మా అన్నగారి కథ కూడా వినిపించాను. మరునాడు సాయంత్రం ఫోన్ చేశాడు. "సామీ, మీ అన్న సంగతి చెప్పినాక సూది వేయించుకున్నాడు. రాత్రి నిద్ర పోయినాడు. పొద్దున వరండాలో రెండుసార్లు నడిచినాడు" అన్నాడు. నాకు పాత బరువు కొంత దిగినట్లయింది.

ఓర్పు మంచి గుణమే. కాని శస్త్రచికిత్స తరువాత నోరు మూసుకుని పడుకోవడం ఓర్పు కాదు. ముందు దాచకండి, తరువాత మౌనంగా ఉండకండి. వైద్యునికి మీరు చెప్పే ఆ రెండు మాటలే సగం చికిత్స.